అడిగి చేద్దామా, చేసి చూద్దామా?

డేటాబేస్‌లో టేబుల్స్ తయారుచేసే ఇన్‌స్టలేషన్ స్క్రిప్టు సగంలో ఆగింది. పన్నెండు టేబుల్స్‌లో ఏడు తయారయ్యాయి. ఎనిమిదోది వేరే స్కీమాలోది (డేటాబేస్‌లో టేబుల్స్ పెట్టుకునే వేరే విభాగం), అక్కడ పర్మిషన్ లేదట. రాసిన డెవలపర్, డేటాబేస్ బాధ్యత చూసే డీబీఏ మేడమ్ ఎదురెదురుగా కూర్చున్నారు.

డీబీఏ: ఆ యూజర్‌కి క్రియేట్ హక్కు ఉందో లేదో మొదట్లోనే ఒక్క క్వెరీ వేసి చూసుకుంటే ఈ పాట్లుండేవా?

డెవలపర్: చూసి ఏం లాభం మేడమ్? మనం చూసిన మరుక్షణం ఎవరో ఆ హక్కు రివోక్ చేయొచ్చు, అంటే వెనక్కి తీసుకోవచ్చు. తేల్చాల్సింది డేటాబేసే. హక్కు లేకపోతే ఎర్రర్ ఇస్తుంది. ఎర్రర్ కోడ్ ఒక్కో డేటాబేస్‌లో ఒక్కోటి: ఒరాకిల్‌లో ఓఆర్‌ఏ-01031, పోస్ట్‌గ్రెస్‌లో 42501, మైఎస్‌క్యూఎల్‌లో 1142. ఆ కోడ్ పట్టుకుంటే చాలు.

డీబీఏ: పట్టుకున్నాక? ఆ ఏడు టేబుల్స్ ఎవరు తీస్తారు? పోస్ట్‌గ్రెస్‌లో అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టి రోల్‌బ్యాక్ (చేసినదంతా వెనక్కి తిప్పడం) కొడితే అసలేమీ జరగనట్టే. ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్ అలా కాదుగా. క్రియేట్ టేబుల్ నడిచిందంటే దానంతటదే కమిట్, ఇక వెనక్కి తిప్పలేం.

(ఇక్కడ డెవలపర్ దగ్గర జవాబు లేదు. బాటిల్ మూత తిప్పుతూ ఇంకో వైపు నుంచి వచ్చాడు.)

డెవలపర్: సరే, చూద్దాం. ఎక్కడ చూడమంటారు? మొన్న ఒరాకిల్‌లో హక్కుల జాబితా యూజర్_సిస్_ప్రివ్స్ తెరిస్తే క్రియేట్ టేబుల్ అన్న మాటే లేదు. టేబుల్ మాత్రం భేషుగ్గా తయారైంది!

డీబీఏ: అందులో నేరుగా ఇచ్చినవే ఉంటాయి. రోల్ (కొన్ని హక్కులు కలిపిన మూట) ద్వారా వచ్చినవి కూడా కావాలంటే సెషన్_ప్రివ్స్ చూడాలి.

డెవలపర్: అదీ చూశాను, ఉందంది. అదే స్టేట్‌మెంట్ ప్రొసీజర్‌లో (డేటాబేస్‌లోనే దాచిన ప్రోగ్రాంలో) పెడితే మళ్లీ 01031!

డీబీఏ: మామూలు ప్రొసీజర్ ఓనర్ హక్కులతో నడుస్తుంది, అందులో రోల్స్ పనిచేయవు. నేరుగా ఇచ్చిన గ్రాంటే కావాలి. అది లేదని యూజర్_సిస్_ప్రివ్స్ నీకు ముందే చెప్పింది. నువ్వే కొట్టిపారేశావు.

డెవలపర్: ...పోస్ట్‌గ్రెస్‌లో ఈ గోల లేదు.

డీబీఏ: ఎందుకు లేదు? 2022లో వచ్చిన 15వ వెర్షన్ నుంచి, కొత్త డేటాబేస్‌లో పబ్లిక్ స్కీమాలో క్రియేట్ హక్కు అందరికీ ఉండదు. అప్‌గ్రేడ్ చేసిన పాతవాటిలో మాత్రం అలాగే మిగిలిపోతుంది. నీ మెషీన్‌లో నడిచింది సర్వర్‌లో ఆగిపోతే టెన్షన్ నీకే. హ్యాజ్_స్కీమా_ప్రివిలేజ్ ఫంక్షన్‌ని అడిగితే అవునో కాదో చెప్పేస్తుంది.

డెవలపర్: నేను అదే అంటున్నా, క్రియేట్ చేసి చూసినా తెలుస్తుందిగా.

డీబీఏ: అన్నిసార్లూ తెలియదు. ఒరాకిల్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో 11జీ రిలీజ్ 2 నుంచి, టేబుల్ తయారైనా మొదటి ఇన్సర్ట్ దాకా స్థలం తీసుకోదు. టేబుల్‌స్పేస్‌లో (డేటా దాచే చోట) కోటా, అంటే వాడుకోవడానికి కేటాయించిన స్థలం, లేకపోతే అప్పుడొస్తుంది ఓఆర్‌ఏ-01950.

డెవలపర్: అది మీ సెషన్_ప్రివ్స్‌లో కనిపిస్తుందా?

డీబీఏ: (కాసేపాగి) కనిపించదు. యూజర్_టీఎస్_కోటాస్ చూడాలి.

డెవలపర్: అంటే ఇంకో చోటు! బాగుంది. సరే, నాకు గ్రాంట్ ఎప్పుడిస్తారు?

డీబీఏ: రోల్‌కా, నేరుగా నీ యూజర్‌కా?

డెవలపర్: ప్రొసీజర్ ఉందిగా మేడమ్, నేరుగానే. కోటా కూడా వేసేయండి.