ఎంఆర్ఐ పక్కన ఉత్తరేణి

ఆయుర్వేద పీజీలకు 58 శస్త్రచికిత్సలు అనుమతిస్తూ 2020 నవంబరులో నోటిఫికేషన్ రాగానే, డిసెంబరు 11న ఐఎంఏ (భారత వైద్య సంఘం) అల్లోపతి డాక్టర్లు ఓపీలు ఆపేశారు. ఎవరు కోయాలన్న పంచాయితీయే తప్ప, దేనికి రుజువుంది, దేనికి లేదని అడిగినవాళ్లు తక్కువ.

రుజువున్నది ఒకటి చేతిలోనే ఉంది: భగందరానికి, అంటే మలద్వారం పక్కన చీము దారి పడే ఫిస్టులాకు, కట్టే మందు దారం, క్షారసూత్రం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పలు కేంద్రాల్లో నడిపిన ట్రయల్ ఫలితాలు 1991లో వచ్చాయి. జబ్బు తిరగబెట్టింది ఆపరేషన్ అయినవాళ్లలో 11 శాతానికి, దారం కట్టించుకున్నవాళ్లలో 4 శాతానికి.

దాని తయారీ ఇలా: 20వ నంబరు లినెన్ దారానికి ఆకుజెముడు పాలు 11 పూతలు, పాలూ ఉత్తరేణి క్షారం 7, పాలూ పసుపు 3. మొత్తం 21, ఒకటి ఆరాకే ఇంకొకటి. వినాయక చవితి పత్రిలో పెట్టే ఉత్తరేణే ఇది. ఎండబెట్టి, కాల్చి, బూడిదను నీళ్లలో కలిపి, ఆ తేటను మరిగిస్తే అడుగున మిగిలేది క్షారం. చిక్కంతా దాంతోనే. ఉప్పులా తేమ లాగుతుంది, వానాకాలంలో పూత చెమ్మగిల్లి రాలుతుంది. జెముడు పాలు నిలవుంచితే గడ్డకడతాయి. అందుకే వెచ్చటి క్యాబినెట్‌లో ఆరబెట్టి, గొట్టాల్లో సీలు చేయాలి.

ప్రోబ్ అనే సన్నటి లోహపు పుల్లతో దారాన్ని బయటి రంధ్రం నుంచి లోపలి రంధ్రం దాకా పోనిచ్చి ముడేస్తారు. వారానికోసారి పాతదాని కొసకు కొత్తది కట్టి లాగుతారు. తీసిన దారాన్ని కొలిస్తే కండ ఎంత తెగిందో తెలుస్తుంది. ముందు తెగుతుంటే వెనక మానుతూ వస్తుంది. మలద్వారాన్ని బిగించే కండరం ఒక్క దెబ్బన తెగదు.

ఆలస్యం, నొప్పి అంటారు సర్జన్లు. నిజమే, ఆ ట్రయల్‌లోనే ఆపరేషన్ గాయం 4 వారాల్లో మానితే దీనికి 8 పట్టింది. కానీ తిరగబెట్టాక మళ్లీ కోయించుకునేవాడి లెక్కలో ఆ నాలుగు వారాలు ఎంత?

అసలు భయం ‘ఫిస్టులా గ్యారంటీ’ బోర్డులతో. ప్రోబ్‌ను బలవంతంగా తోస్తే లేనిచోట కొత్త దొంగదారి పడుతుంది. వెనక క్షయో, పేగులు వాచే క్రోన్స్ జబ్బో ఉంటే నాడి చెప్పదు, బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) చెప్పాలి. కాబట్టి ముందు ఎంఆర్ఐ, షుగరు పరీక్ష, ఆ తర్వాతే దారం. అదీ జిల్లా ఆసుపత్రి సర్జరీ వార్డులో. ఎక్కడో మూలనున్న ఆయుష్ గదిలో కాదు.

మిగతా ఆయుర్వేద మందుల్ని ఈ గీటురాయి మీద ఎందుకు పెట్టరు? చట్టమే అడ్డం. డ్రగ్స్ రూల్స్‌లోని 158-బి నిబంధన ప్రకారం ఆయుర్వేద గ్రంథంలో చెప్పిన మందు కూర్పును, చెప్పిన జబ్బుకే అమ్మితే క్లినికల్ ట్రయల్ అక్కర్లేదు, శ్లోకం చూపితే చాలు. క్షారసూత్రానికీ శ్లోకం ఉంది. అయినా దాన్ని పరీక్షకు పెట్టారు, నెగ్గింది. మిగతావాటికి మినహాయింపు ఇచ్చి మనం కాపాడుతున్నది వైద్యాన్ని కాదు, లేబుళ్లని.