మిస్ట్ మిషన్ అమ్మడం కాదు, ముందు పైకప్పు సంగతి చూడండి

ఇవాళ పొద్దున మలేషియాలోని సితియవాన్‌లో బాబాయ్ పిట్టల ఇంట్లోకి వెళ్ళొచ్చాను, ఇంకా కోపం దిగలేదు. స్విఫ్ట్‌లెట్ పిట్టలు వచ్చి గూళ్ళు కడితే, ఆ తినే గూళ్ళని అమ్ముకోవడానికి కట్టించుకున్న ఇల్లది. పై అంతస్తులో పిట్టలు గూళ్ళు అంటించుకునే చెక్కల నిండా నల్లటి బూజు. వేలితో రాస్తే జిగటగా అంటుకుంది. కింద రెట్టలో తడిసి మెత్తబడి ఊడిపడ్డ గూళ్ళు, ఒకదాని పక్కన ఇంకా ఈకలైనా రాని స్విఫ్ట్‌లెట్ పిల్ల చచ్చిపడి ఉంది. ఆ ఇల్లు కట్టించిన కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన అన్నమాట ఇది: "హ్యుమిడిటీ 95 చూపిస్తోంది కదా బాస్, ఇంకేం కావాలి?"

ఏం కావాలా? పిట్ట బతకాలి! గూడు చెక్కకి పట్టుకుని ఉండాలి!

ఈ పిట్ట కాళ్ళు కొమ్మ మీద కూర్చోవడానికి పనికిరావు, నిలువు గోడని పట్టుకుని వేలాడడమే. గూడు మొత్తం దాని ఉమ్మితో కట్టుకుంటుంది. గాలి పొడిబారితే ఆ గూడు పగిలి చెక్క నుంచి విడిపోతుంది, మరీ తడిగా ఉంటే పసుపు తిరిగి బూజు పడుతుంది. అందుకే 26 నుంచి 29 డిగ్రీలు, హ్యుమిడిటీ, అంటే గాలిలో తేమ, 80 నుంచి 90 శాతం మధ్య ఉంచమంటారు. సరవాక్‌లో నియా గుహల్లో, సబాలో గొమాంతోంగ్ గుహల్లో వీటికి ఏ మిషనూ లేదు. మందపాటి రాయి పగటి వేడిని లోపలికి రానివ్వదు, అంతే. మనం కట్టే కాంక్రీటు డబ్బా చేయాల్సింది కూడా ఆ పనే.

కానీ ఈయన చేసిందేంటి? పైన రేకు వేసి, దాని కింద వేడి ఆపే పొర ఏదీ లేకుండా, గోడ ఒంటి ఇటుకతో లేపేశాడు. మధ్యాహ్నం మూడింటికి పై అంతస్తు 33 డిగ్రీలకి వెళ్తుంది. 28 దగ్గర 85 ఉన్న హ్యుమిడిటీ, ఒక్క చుక్క నీరు బయటికి పోకపోయినా, 33కి వచ్చేసరికి 64కి పడిపోతుంది. ఎందుకంటే వేడి గాలి ఎక్కువ ఆవిరిని పట్టగలదు. నీళ్ళు తగ్గలేదు, వేడి పెరిగింది! తేమ కోసం ఆయన పెట్టిన మిస్ట్ మిషన్‌కి ఆ తేడా తెలియదు. తగ్గిందనుకుని గుప్పుమని పొగమంచు కొడుతుంది, మళ్ళీ 85 వచ్చేదాకా కొడుతూనే ఉంటుంది. సాయంత్రం చల్లబడగానే ఆ ఎక్కువైన నీళ్ళన్నీ ఎక్కడికి పోతాయి? చెక్కల మీదే దిగుతాయి, గూళ్ళ మీదే దిగుతాయి. రోజూ ఇదే. పొద్దున చూస్తే 95, మీటరు బ్రహ్మాండం, పిట్టలు మాత్రం మాయం.

ఆ మీటరు కూడా ఎక్కడ పెట్టాడో తెలుసా, కింద తలుపు పక్కన, నీళ్ళ తొట్టి దగ్గర! గూళ్ళున్న చోట కదా పెట్టాలి. పైగా అది నిజం చెబుతోందో లేదో చూసుకోవడానికి ఖర్చు కూడా అక్కర్లేదు. ఉప్పు కొంచెం నీళ్ళతో తడిపి ముద్దలా చేసి, మూతున్న డబ్బాలో మీటరుతో పాటు పెట్టి రాత్రంతా వదిలేస్తే 75 చూపించాలి. చూపించలేదంటే మీటరే తప్పు. ఇది చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు గానీ రెండో మిషన్ ధర మాత్రం వెంటనే మెసేజ్ పెట్టాడు.

ఇంకోటుంది, ఇది చూసి నాకు నిజంగా కళ్ళు తిరిగాయి. తేమ బయటికి పోకూడదని గోడలోని గాలి గొట్టాలకి గోనె గుడ్డలు కుక్కించాడు. వెలుతురు రాకుండా వంపు తిప్పి పెట్టిన గొట్టాలు అవి, వెలుతురు ఆపి గాలి ఇవ్వడానికే ఉన్నాయి. అవి మూసేస్తే రెట్ట నుంచి వచ్చే ఘాటు అమ్మోనియా అంతా లోపలే. 2011లో ఎర్ర గూళ్ళలో నైట్రైట్ ఎక్కువ ఉందని చైనా కొనడం ఆపేసింది గుర్తుందా? ఆ నైట్రైట్ కూడా ఇలా రెట్ట కుళ్ళే చోటి నుంచి గూటికి పడుతుంది. అప్పుడు ధర పడిపోతే ఏడ్చింది మనలాంటి చిన్నవాళ్ళు. ఇప్పుడు మళ్ళీ అదే గుడ్డలు కుక్కడం.

అసలు నాకు ఈ మనిషి మీద మంట ఈ మిషన్‌తో మొదలవలేదు. ఎస్టేట్‌లో జీవితమంతా పనిచేసి, 55 ఏళ్ళు నిండాక ఈపీఎఫ్ డబ్బు చేతికొచ్చిన మన తెలుగువాళ్ళ ఇళ్ళకే ఈయన వెళ్తాడు. "పిట్ట దానంతటదే వస్తుంది, మీరు నిద్రపోతే చాలు" అంటాడు. బాబాయ్‌కీ అదే చెప్పాడు. నెలలు గడిచినా పిట్ట రాకపోతే, పిట్టల్ని పిలవడానికి వాటి కూత వినిపించే స్పీకరు మార్చమన్నాడు, తర్వాత వాసన మందు కొనమన్నాడు, తర్వాత మిషన్. పైకప్పు గురించి ఒక్కసారి కూడా నోరు తెరవలేదు, అది తన పని లోపం కాబట్టి. చివరికి పిట్టలొచ్చి గూళ్ళు కడితే, గూళ్ళ కోతకి తన మనుషుల్నే పంపి, పిల్లలు ఎగిరిపోకముందే గూళ్ళు గీకించాడు. పిట్ట పెట్టేదే రెండు గుడ్లు. ఆ గుడ్లని బకెట్లో పోస్తుంటే బాబాయ్ "ఆగండయ్యా" అన్నాడట, వాటాలో సగం తమదని వాళ్ళు వినలేదు. ఆయన అది చెప్పుకుంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆ మాట నేను మర్చిపోను.

ఈసారి కోత మేమే చేస్తాం, పిల్లలు ఎగిరాకే. గుడ్డలు పొద్దున్నే పీకేశాను, మిషన్ ఆపేశాను. రేకు కింద వేడి ఆపే పొర వేయించడానికి మేస్త్రీ వచ్చే వారం వస్తున్నాడు. బూజు పట్టిన చెక్కలు తీసి కొత్తవి కొట్టాలి, పిల్లలున్న చెక్కల్ని మాత్రం అవి వెళ్ళేదాకా ముట్టం. ఈ మనిషి దగ్గర ఇల్లు కట్టించుకున్నవాళ్ళు ఇక్కడ ఇంకా ఉన్నారని నాకు తెలుసు. దయచేసి రేపు మధ్యాహ్నం మూడింటికి మీటరు పై అంతస్తుకి తీసుకెళ్ళి, గూళ్ళ ఎత్తులో పెట్టి, ఉష్ణోగ్రత ఎంతుందో కామెంట్లో రాయండి. 30 దాటితే ఆయనకి ఇంకో పైసా ఇవ్వకండి.