గడిలో 5 కంటే తక్కువ ఉంటే కై-స్క్వేర్ చెల్లదా?

థీసిస్ రాసే వైద్య విద్యార్థులు ఏటా ఒకరికొకరు పంపుకొనే సూత్రం ఒకటుంది: "ఏ గడిలోనైనా సంఖ్య 5 కంటే తక్కువైతే కై-స్క్వేర్ పరీక్ష చెల్లదు, ఫిషర్ ఎగ్జాక్ట్ పరీక్షే కచ్చితమైనది, అందులో పి-విలువ 0.05 దాటితే సంబంధం లేనట్టే." కై-స్క్వేర్, ఫిషర్ ఎగ్జాక్ట్ అనేవి రెండు అంశాలకు (మందుకూ నయం కావడానికీ లాంటివి) సంబంధం ఉందో లేదో పట్టికలోని సంఖ్యలతో తేల్చే గణాంక పరీక్షలు. సంబంధమే లేకపోయినా ఇంత తేడా గానీ అంతకు మించి గానీ యాదృచ్ఛికంగా వచ్చే అవకాశమే పి-విలువ. ఆ సూత్రంలోని మూడు మాటల్లో ఏదీ నిలవదు.

మొదటిది సూత్రాన్ని తప్పుగా చదవడం వల్ల వచ్చింది. 5 అనే హద్దు మనం లెక్కపెట్టిన సంఖ్యకు కాదు, రెండు అంశాలకూ సంబంధమే లేదనుకుంటే ఆ గడిలో రావలసిన సంఖ్యకు. 50 మంది చొప్పున ఉన్న రెండు గుంపుల్లో ఒకదానిలో 2, మరోదానిలో 14 మందికి ఇన్‌ఫెక్షన్ వచ్చిందనుకోండి. 2 ఉన్న గడిలో రావలసిన సంఖ్య 50×16/100, అంటే 8, కాబట్టి కై-స్క్వేర్ నిరభ్యంతరంగా వాడవచ్చు.

రెండో మాటే ఎక్కువ హాని చేస్తోంది. పరీక్ష పేరులోని 'ఎగ్జాక్ట్' అన్నది, పట్టిక అడ్డు, నిలువు మొత్తాలు రెండూ ముందే స్థిరపడ్డాయనుకొని చేసే లెక్కకు మాత్రమే వర్తిస్తుంది. గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చెప్పిన టీ ప్రయోగంలో (కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో రుచి చూసి చెప్పగలనన్న ఒకామెకు పెట్టిన పరీక్ష) అవి నిజంగానే స్థిరం: 8 కప్పుల్లో 4 పాలు ముందు పోసినవని రుచి చూసే ఆమెకు ముందే తెలుసు, ఆమె కూడా 4 కప్పులనే ఎంచాలి. అన్నీ ఊహతో సరిగ్గా చెప్పే అవకాశం 70లో 1, అంటే 0.014, కనీసం 3 సరిగ్గా చెప్పే అవకాశం ఏకంగా 70లో 17, అంటే 0.243. మధ్యలో మరో మెట్టు లేదు గనుక 0.05 అని మనం గీసిన గీత నిజానికి 0.014 దగ్గర పడుతుంది. పైగా మన ఆసుపత్రి అధ్యయనాల్లో ఎందరికి నయమవుతుందో ముందే ఎవరూ నిర్ణయించరు.

10 మంది చొప్పున రెండు గుంపుల్లో 7 మందికి, 2 మందికి నయమైందనుకుందాం. రావలసిన సంఖ్యల్లో చిన్నది 4.5. మామూలు కై-స్క్వేర్ 5.05, పి-విలువ 0.025, ఫిషర్ పరీక్షలో 0.070, కై-స్క్వేర్ విలువను కాస్త తగ్గించే 1934 నాటి యేట్స్ సవరణతో 0.072. ఇంత చిన్న నమూనాకు ఫిషర్ పరీక్షనే వాడమని గణాంక శాస్త్రవేత్త కోక్రన్ 1954లో సూచించిన మాట వాస్తవమే. అయితే రావలసిన సంఖ్యలన్నీ కనీసం 1 ఉంటే, కై-స్క్వేర్‌ను (ఎన్-1)/ఎన్‌తో (ఎన్ అంటే మొత్తం మంది సంఖ్య) గుణించి వాడటం మేలని క్యాంప్‌బెల్ 2007లో చూపారు. ఆ లెక్కన ఇక్కడ 4.80, పి-విలువ 0.028. ఏ పద్ధతి వాడాలో ఫలితం చూడకముందే ప్రోటోకాల్‌లో రాసి ఉండాలి.

ఇక మూడో మాట. పైన 0.070 చూసి "మందుకూ నయం కావడానికీ సంబంధం లేదు" అని రాస్తే, 70 శాతానికీ 20 శాతానికీ మధ్య కళ్ల ముందున్న తేడాను కొట్టిపారేసినట్టే. 20 మందితో ఆ తేడాను నిర్ధారించలేకపోయామన్నదే అక్కడ రాయదగిన వాక్యం, దాని పక్కన విశ్వసనీయతా అంతరం (అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చూపే హద్దులు) కూడా ఇవ్వాలి.