ఉప్పు తిన్న విశ్వాసం, దేవుడి మీద విశ్వాసం

‘విశ్వాసం’ అనే మాటకు మా సీమలో చర్చి లోపల ఒక అర్థం, బయట ఇంకో అర్థం. లోపల అది దేవుణ్ని నమ్మడం. గడప దాటితే, ఉప్పు తిన్న ఇంటికి కట్టుబడి పడి ఉండటం. ‘కుక్కకున్న విశ్వాసం కూడా లేదే’ అని తిట్టేవాళ్లు దేవుడి సంగతి మాట్లాడటం లేదు కదా. క్రైస్తవ విశ్వాసంలో కృతజ్ఞత అంటే ఏమిటని అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఈ చిక్కే. రెండు అర్థాలూ మన తలల్లో కలిసిపోయాయి. దేవుడు కూడా మేలు చేసి లెక్క రాసుకునే ఊరి పెద్దాయనలా తయారయ్యాడు.

ఇక్కడి పల్లెల్లో మేలు ఊరికే రాదు. ఆసుపత్రి ఖర్చుకో, పిల్ల పెళ్లికో, స్టేషన్ నుంచి కొడుకును విడిపించుకోవడానికో పెద్దాయన చెయ్యి అడ్డం వేస్తాడు. ‘నీ రుణం తీర్చుకోలేనన్నా’ అంటాం. తీర్చుకోవాల్సిన రోజు మాత్రం తప్పకుండా వస్తుంది. ఒకప్పుడు ఫ్యాక్షన్ ఊళ్లలో ఈ విశ్వాసం కోసమే మనుషులు జైళ్లకు పోయారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. మేలు చేసిన చెయ్యే మెడ మీద కూడా ఉండేది.

పోయిన ఎండాకాలం శింగనమల పక్క ఒక పల్లెలో కృతజ్ఞత కూడికకు పిలిస్తే పోయాను. ఇంటి ముందు షామియానా, అద్దె కుర్చీలు, వెనకాల గుండిగల్లో అన్నం, మటన్. ఎనిమిది వందల అడుగులకు రెండించుల నీళ్లు పడ్డాయని ఆ కూడిక. ఇంటాయన మైకు పట్టుకుని, ‘మొదటి బోరుకే ఇచ్చాడు దేవుడు’ అని ఏడ్చేశాడు. అందరూ స్తోత్రం అన్నారు. నా పక్క కుర్చీలో ఉన్నది గెట్టు పక్క రైతు. ఆయనకు అప్పటికే నాలుగు బోర్లు ఫెయిల్. ఆయనా స్తోత్రం అన్నాడు, ఒక క్షణం ఆలస్యంగా. తర్వాత పాస్టరు గారు లేచి, దేవునికి ఇవ్వాల్సింది ఎగ్గొట్టిన ఇంట్లో ఏదీ నిలవదని, చిల్లు సంచిలో డబ్బులు వేసినట్టేనని వాక్యం చెప్పారు. నాలుగు బోర్లాయన కానుక కవరును మడత మీద మడత పెడుతూ కూర్చున్నాడు.

ఇంటాయనది తప్పనను. నీళ్లు పడితే ఏడవని రైతు అనంతపురం జిల్లాలో ఉండడు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ రావాల్సినప్పుడు రాదు. నా పేచీ ఆ కూడికలో లెక్క కట్టిన తీరుతో. వచ్చిన నీళ్లు భక్తికి కూలి అయితే, రాని నీళ్లు దేనికి శిక్ష? 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు పాతబస్తీని ముంచినప్పుడూ ఇదే చూశాం. ‘వీధంతా మునిగినా మా ఇంటిని ప్రభువు కాపాడాడు’ అనే సాక్ష్యాలు ఆ తర్వాత చాలా రోజులు విన్నాను. మునిగిన ఇంటివాళ్లు కూడా అదే ఆరాధనలో కూర్చుని ఉండేవాళ్లు. ఇలాంటి కృతజ్ఞత గురించి లూకా సువార్త 18వ అధ్యాయంలో ఒక కథ ఉంది. పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని పట్టుగా పాటించే యూదుడు, దేవాలయంలో నిలబడి, ‘నేను ఇతరుల్లాంటి వాణ్ని కాదు, అందుకు నీకు కృతజ్ఞతలు’ అంటాడు. మాట కృతజ్ఞతే. దేవుడు ఒప్పుకోలేదు.

దానికి ఒక అధ్యాయం ముందే పదిమంది కుష్ఠరోగుల కథ. యేసు పదిమందినీ బాగుచేస్తే ఒక్కడే తిరిగొచ్చి కృతజ్ఞత చెప్పాడు. మనవాళ్లు దీన్ని తొమ్మిదిమందిని తిట్టడానికే వాడతారు. యేసు కూడా ‘తొమ్మిదిమంది ఎక్కడ’ అని అడిగాడు, నిజమే. కానీ వాళ్లకిచ్చిన ఆరోగ్యాన్ని వెనక్కి తీసుకున్నాడని ఎక్కడా రాయలేదు. థ్యాంక్స్ చెప్పకపోయినా మేలు మేలుగానే ఉంది. తిరిగొచ్చిన ఒక్కడు సమరయుడు, యూదులు దూరం పెట్టిన జాతివాడు. కాళ్ల మీద పడ్డాడు. మన పెద్దాయనైతే అక్కడే ఉంచుకునేవాడు, ఇంకో మనిషి దొరికాడు కదా అని. యేసు అతన్ని లేచి వెళ్లమన్నాడు, ‘నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను’ అని చెప్పి మరీ. తెలుగు బైబిల్లో అక్కడ ఉన్నది మళ్లీ ఆ మాటే, విశ్వాసం. ఈసారి దానికి కట్లు లేవు.

మరి కృతజ్ఞత ఎటు పోవాలి? బైబిల్ పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండం దీనికి రైతు భాషలో జవాబు చెబుతుంది. 26వ అధ్యాయంలో రైతు తొలిపంటను గంపలో తెచ్చి, మా పితరుడు దేశం పట్టి తిరిగినవాడు, ఐగుప్తులో (ఈజిప్టులో) మమ్మల్ని బాధపెట్టారు అని తన కథ గట్టిగా చెప్పుకోవాలి. ఆ వెంటనే సొంత భూమి లేని దేవాలయ సేవకుడు లేవీయుడితో, పరదేశితో కలిసి సంతోషించాలి. 24వ అధ్యాయమైతే ఇంకా సూటి. చేలో మర్చిపోయిన పన కోసం వెనక్కి పోవద్దు, అది పరదేశికి, తండ్రి లేనివాడికి, విధవరాలికి. కారణం, నువ్వూ ఒకప్పుడు దాసుడివి, గుర్తుంచుకో. పరిగె అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. శెనక్కాయలు పీకిన చేలో పొద్దంతా వంగి మన్ను తవ్వుకున్న ఆడవాళ్లు మన చర్చిల్లోనే ఉన్నారు.

మన చరిత్రలోనూ ఈ తకరారు ఉంది. లండన్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంస్థ పని కడపలో 1822లో మొదలైంది. 1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చేసింది. అప్పటికి అనంతపురం బళ్లారిలో భాగం. ఆ కరువు తర్వాత చాలా మాల, మాదిగ కుటుంబాలు క్రైస్తవంలోకి వచ్చాయి. ‘గంజికి మతం అమ్ముకున్నారు’ అనే ఎగతాళి ఇప్పటికీ వినిపిస్తుంది. ఆకలితో ఉన్నవాడు గంజి తాగితే సిగ్గుపడాల్సింది వాడు కాదని నా అభిప్రాయం. అయితే గంజి పోసిన దొరల ఫొటోలకు దండలేయడంతోనే మన కృతజ్ఞత ఆగిపోయిన చోట్లు కూడా ఉన్నాయి. ఇంకోవైపు, 1969లో విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే సేవా సంస్థకు 2025లో విదేశీ నిధుల అనుమతి చిక్కుల్లో పడితే రోడ్డెక్కిన జనంలో క్రైస్తవులు కానివాళ్లు ఎంతోమంది. తిరిగొచ్చిన సమరయుడు గుర్తొచ్చాడు నాకు.

కష్టంలో ఉన్నవాళ్లకు మనం చదివి వినిపించే రెండు వచనాల గురించి కూడా చెప్పాలి. ‘ప్రతి విషయమునందును కృతజ్ఞతాస్తుతులు’ అన్నాడు పౌలు. అక్కడ ప్రతి విషయం కోసం అనలేదు. కొడుకు చచ్చిపోయిన తల్లితో కొడుకు చావుకు స్తోత్రం చెప్పించడం ఆ వచనంలో లేదు. రెండోది పాత నిబంధన ప్రవక్త హబక్కూకుది. చేనిలో పంట లేకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా ఆనందిస్తానన్న మూడో అధ్యాయం మా కరువు ఊళ్లలో చాలామందికి నోటికొచ్చు. మొదటి అధ్యాయంలో అదే మనిషి, ఎన్నాళ్లు మొరపెట్టినా నువ్వు వినవేమని దేవుణ్ని నిలదీశాడు. అది మాత్రం కూడికల్లో ఎవరూ చదవరు. నిలదీసే హక్కు లేనివాడి స్తోత్రంలో భయమే ఎక్కువ.

శ్రావణంలో మళ్లీ ఆ పల్లె మీదుగా పోయాను. బోరు పడినాయన చేలోంచి గెట్టు దాటి ఒక నల్ల పైపు పక్క చేలోకి పోతోంది. నాలుగు బోర్లాయన చీనీ చెట్ల పాదుల్లో నీళ్లు మళ్లిస్తున్నాడు. నీళ్లకు ఎంత అడిగాడన్నా అన్నాను. ‘ఏమీ అడగలేదబ్బా. కరెంటు తెల్లారుజామున వస్తాది. లేసి మోటారు వేసేది మాత్రం నేనే’ అని పార ఇంకో పాదుకు మార్చాడు.