సవరణ: ఉదయగిరి చెంచాలకు నమూనా ముందా, చెక్క ముందా?

ఉదయగిరి చెక్క చెంచాల గురించి గత వారం రాసిన టపాలో, కళాకారులు ముందుగా కాగితంపై నమూనా గీసుకుని, దానికి తగిన చెక్కను ఎంచుకుంటారని రాశాను. అది పొరపాటు. నెల్లూరు జిల్లాలోని ఈ ఊళ్లో వాడే నర్ది, బిక్కి, దేవదారు కలపలు దేని గుణం దానిదే కనుక, చేతిలో ఉన్న ముక్కలో నార ఎటు పోతోందో చూసుకున్నాకే కాడను ఎంత సన్నగా తీయాలో, దానిపై పూల చెక్కుడు నిలుస్తుందో లేదో తేల్చుకుంటారు. మళ్లీ వెళ్లినప్పుడు ఒక పెద్దాయన ముక్కను తడిపి, బొటనవేలితో నిమిరి, ముడి తగలగానే ముళ్ల చెంచా ఆలోచన మానుకుని, అదే చెక్కతో వెడల్పాటి గరిటె మొదలుపెట్టడం కళ్లారా చూశాను. ఆ నిర్ణయాన్ని కాగితానికి ఆపాదించి ఆయన చేతి నేర్పును తక్కువ చేసినందుకు మన్నించమని కోరుతున్నాను. పాత టపాలోని ఆ వాక్యాన్ని తొలగించాను.