మౌలాలి గుట్టలో నా చెయ్యి

మొన్న ఆదివారం నా కుడి చెయ్యి మౌలాలి గుట్టలో ఇరుక్కుపోయింది. అసలు గుట్ట కాదు లెండి, మల్కాజిగిరిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మేం కట్టుకుంటున్న బొమ్మ రైల్వేలోది. బొమ్మ అంటే మా క్లబ్ ప్రెసిడెంటు గారికి కోపం, మోడల్ అనాలి. కోళ్ళ జాలీ వంచి, పాత పేపర్లు అతికించి, పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూశాం. ఊళ్ళో ఉన్న మౌలాలి గుట్ట కిందనుంచి ఏ రైలూ పోదు. అయినా గుట్టంటూ ఉన్నాక సొరంగం లేకపోతే ఎలా అని ఆయనే పెట్టించారు. లోపల బండి పడిపోతే తీసుకోడానికి వెనకాల ఒక కిటికీ వదులుదామండీ అన్నాను. "రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు చేశానయ్యా, కిటికీ ఉన్న సొరంగాన్ని ఎక్కడా చూళ్ళేదు" అన్నారు. ఆయన చేసింది అకౌంట్స్ సెక్షన్‌లో.

ఆ రోజు అసోసియేషన్ వాళ్ళు వస్తున్నారు, గది మాకు ఉంచాలా, జిమ్ పెట్టాలా తేల్చడానికి. పది నిమిషాల ముందు ట్రయల్ వేశాం. బండి సొరంగంలోకి వెళ్ళింది. రాలేదు.

ఇక్కడ తప్పు నాదే. సొరంగం వెడల్పు ఇంజిన్ పెట్టి కొలిచాను. ఇంజిన్ పొట్టిది. 1:87 స్కేలులో, అంటే అసలు దానిలో 87వ వంతు సైజులో, మన రైలుపెట్టె 24 సెంటీమీటర్ల పైచిలుకు ఉంటుంది. వంపులో దాని నడుము లోపలికి, మూలలు బయటికి తోసుకొస్తాయి, సందు మలుపులో సిటీ బస్సు తోక ఊపినట్టు. మూల వెళ్ళి గోడకి తగిలింది.

చెయ్యి పెట్టాను. పెట్టె దొరికింది. వెనక్కి లాగితే చెయ్యి రాదే! వాచీ బకిల్ జాలీ కన్నంలో పడింది. పిడికిలి వదిలేద్దామంటే ఆ పెట్టె ప్రెసిడెంటు గారు మూడు నెలలు కూర్చుని, కిటికీకో ఊచ చొప్పున చేసుకున్నది. వదిలితే బల్ల కింద నేలమీద పడుతుంది. కుండలో చెయ్యి పెట్టిన కోతి కథ చిన్నప్పుడు విని తెగ నవ్వాను. ఆ కోతికి ఇప్పుడు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

సరిగ్గా అప్పుడే సెక్రెటరీ గారు వచ్చి చెయ్యి చాచారు.

షేక్‌హ్యాండ్‌కి చాచిన చెయ్యి ఎంతసేపు గాల్లో ఉండగలదో ఆ రోజు తెలిసింది. ఎడమ చెయ్యి ఇద్దామా? ఆయన అసలే పట్టింపు మనిషి, పోయినేడు లిఫ్టులో నమస్కారం పెట్టలేదని మా పార్కింగు మార్చేశారు. ఒంటి చేత్తో నమస్కారం పెడితే పోలీసు సెల్యూట్‌లా వచ్చింది. తల వంచుదామంటే అప్పటికే నడుందాకా వంగే ఉన్నాను. ఆయన దాన్ని వినయం అనుకున్నారో ఏమో, కాస్త మెత్తబడి, "ఏం చేస్తున్నారు?" అన్నారు.

"టన్నెల్ ఇన్‌స్పెక్షన్ సార్."

ఆయన మనవడు అప్పటికే అటువైపు వెళ్ళి సొరంగం రెండో ముఖం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. "తాతయ్యా, రైలు రావట్లేదు, వేళ్ళొస్తున్నాయి!"

అందరూ అటు వెళ్ళి నా వేళ్ళు చూశారు. ఒకావిడ ఫోటో తీసింది. మా ప్రెసిడెంటు గారు మాత్రం నా వైపు కన్నెత్తి చూడకుండా, ఇది 12 వోల్టులేనండీ, షాక్ కొట్టదు, పిల్లలకి సేఫ్ అని వివరిస్తున్నారు. రుజువుగా నన్నే చూపించారు.

తర్వాత వాచ్‌మన్ కటింగ్ ప్లేయరు తెచ్చాడు. ఆ వివరాలు వద్దు. స్ట్రాపు తెగింది, చెయ్యి వచ్చింది, గుట్టలో సగం కూడా వచ్చింది. పెట్టెకి ఒక ఊచ విరిగింది. ఆ ఊచ గురించి నేను ఇప్పటికి నాలుగుసార్లు విన్నాను. మణికట్టు మీద గీసుకున్న గాట్ల గురించి ఎవరూ అడగలేదు.

వాచీ ఇంకా లోపలే ఉంది. రోజూ తెల్లారి ఐదున్నరకి గుట్టలోంచి అలారం మోగుతోందని వాచ్‌మన్ ఫిర్యాదు. నిన్న రాత్రి ప్రెసిడెంటు గారు ఫోన్ చేసి, "నాకో ఐడియా వచ్చిందయ్యా, గుట్టకి వెనక నుంచి చిన్న కిటికీ పెడితే?" అన్నారు.