మూకీల కాలం నాటి ప్రేమకథలో అసలు హీరో మందుల షాపే

చేతిలో చిల్లిగవ్వ లేదు, ఏ ఉద్యోగంలోనూ నిలవలేదు. అలాంటి న్యూయార్క్ కుర్రాడు నాట్ డంకన్‌కు స్నేహితుడు ఒక ఉపాయం చెబుతాడు: ఏదైనా చిన్న ఊరికి పో, తాగకు, చర్చికి వెళ్లు, బుద్ధిగా పని చేసుకో, ఆ ఊళ్లో డబ్బున్న అమ్మాయి తనే నీ వెంట పడుతుంది. 1909లో విన్చెల్ స్మిత్ రాసిన ‘ది ఫార్చ్యూన్ హంటర్’ నాటకం ఇది. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో నటుడు జాన్ బారీమోర్‌కి గొప్ప పేరు తెచ్చింది. 1914, 1920, 1927లలో మూడుసార్లు మూకీ సినిమాగానూ వచ్చింది. చివరిదాంట్లో హీరో చార్లీ చాప్లిన్ అన్న సిడ్.

నాట్ పనికి కుదిరేది శామ్ గ్రాహం అనే ముసలాయన మందుల షాపులో. ఆయనకు కొత్త వస్తువులు కనిపెట్టే పిచ్చి తప్ప బేరం మీద ధ్యాస ఉండదు. ఈగలు తోలుకుంటున్న ఆ షాపును నాట్ నిలబెడతాడు. బ్యాంకరు కూతురు నిజంగానే వలలో పడుతుంది. ఇతని మనసు మాత్రం శామ్ కూతురు బెట్టీ మీదికి పోతుంది.

దీన్ని ప్రేమ మనిషిని మార్చిన కథ అంటారు. నాకలా అనిపించదు. మోసం చేద్దామని వచ్చినవాణ్ణి మనం క్షమించేది ప్రేమించాడని కాదు, షాపును దారిలో పెట్టాడని. నటనగా మొదలెట్టిన పనే వాడికి నిజంగా అబ్బేసింది. పైగా ఇది మూకీకి భలే కుదిరే కథ: వెలవెలబోయిన అరలు నిండటం, జనం లోపలికి రావడం చూపిస్తే చాలు, మాటలు రాసి చూపే టైటిల్ కార్డు అక్కర్లేదు. పట్నం హీరో వచ్చి రెండు పాటల్లో ఊరిని బాగుచేసే మన సినిమాల కంటే ఇది నయం. ఇక్కడ కనీసం కౌంటర్ వెనక నిలబడాలి.

1920 సినిమాకు కాలం కూడా కలిసొచ్చి ఉండాలి. ఆ ఏడాదే అమెరికాలో మద్యనిషేధం మొదలైంది. బార్లు మూతపడ్డాక, షర్బత్‌లూ ఐస్‌క్రీములూ అమ్మే మందుల షాపు కౌంటర్లకు గిరాకీ పెరిగింది. డాక్టర్ చీటీ రాస్తే విస్కీ దొరికేదీ మందుల షాపులోనే!

కథ దాటేసిన సంగతి ఒకటుంది. అప్పటికే శామ్ లాంటివాళ్లకు అసలు పోటీ చైన్ షాపులతో మొదలైంది. 1920 ప్రాంతంలో ఇరవై షాపులున్న వాల్‌గ్రీన్స్‌కు 1929 నాటికి 500 దాటాయి. ఆ లెక్కన 1927 సినిమాలోని నాట్‌కు, నిజజీవితంలోనైతే, చైన్ కంపెనీలో మేనేజర్ ఉద్యోగం దొరకడమే తేలిక.